దోహా లాంజ్‌లో మా అమ్మకు తోడు నిలిచిన సోదరికి

మోకాలి శస్త్రచికిత్స అయిన మా అమ్మ హైదరాబాద్ నుంచి డాలస్‌కు ఒంటరిగా వస్తుందనే బిజినెస్ క్లాస్ టికెట్ తీసుకున్నాం. మధ్యలో విమానం మారాల్సిన దోహా విమానాశ్రయంలో, బిజినెస్ క్లాస్ ప్రయాణికులు వేచి ఉండే అల్ ముర్జాన్ లాంజ్ వైశాల్యం దాదాపు 10,000 చదరపు మీటర్లు. నీటి కొలను, స్నానాల గదులు, భోజనశాల, అన్నీ ఉన్నాయి. కానీ ఏ వంటకంలో మాంసం ఉందో తెలియని శాకాహారికి అంత వైభవమూ బెరుకే.

సోదరీ, మీకు వచ్చిన హిందీలో ఒక్కో పాత్రా చూపించి చెప్పారట. తెల్లన్నం, పెరుగు తెచ్చి పెట్టారట. కాళ్లు చాపుకొనే చోట పడుకోబెట్టి, విమానం వేళకు మీరే లేపి, చక్రాల కుర్చీ వచ్చేదాకా పక్కనే నిలబడ్డారట. అదంతా మీ ఉద్యోగంలో భాగమని నేను అనుకోను. మీకూ, మిమ్మల్ని కన్న తల్లికీ నా నమస్కారాలు.