సేజ్ క్రీక్ దారిలో మా కోసం ఆగిన పెద్దాయనకు

జులైలో చికాగో నుంచి పిల్లలతో దక్షిణ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ జాతీయ వనానికి వెళ్ళాం. సేజ్ క్రీక్ రిమ్ రోడ్డుకు తారు ఉండదు, అంతా కంకరే. ప్రెయిరీ డాగ్‌లనే ఉడుతజాతి జంతువుల బొరియలు దాటాక మా టైరు పగిలింది. ఫోనుకు సిగ్నల్ లేదు. చుట్టూ ఎండిన గడ్డి, చారల చారల మట్టికొండలు, దూరంగా మేస్తున్న బైసన్ల మంద. చూడవచ్చిన అందమే ఆ క్షణాన భయపెట్టింది.

మీరు ట్రక్కు ఆపి దిగారు. నా బలానికి లొంగని నట్లను విప్పి స్టెప్నీ బిగించారు. పిల్లలకు చల్లటి నీళ్ళిచ్చారు. డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డుపెట్టారు. వాల్ పట్టణం దాకా మా వెనకే వచ్చారు. పేరైనా అడగలేకపోయాను. మా పాప వేసే కొండల బొమ్మల్లో మీ ట్రక్కు తప్పకుండా ఉంటుంది. మా ఇంటిల్లిపాది తరఫున మీకు నమస్కారాలు.