ఎడారి అంటే ఒంటెలూ దయ్యాలేనా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ కారు యాత్ర మీద వేసిన వ్యాసం నిన్ననే చదివాను. ఒంటె సవారీ, సమ్ ఇసుక తిన్నెల దగ్గర టెంట్ల అద్దె, ఎక్కడ ఏం తినాలో అన్నీ ఉన్నాయి. ఆ దగ్గర్లోనే పాడుబడి ఉన్న కుల్‌ధరా అనే ఊరిని మాత్రం దయ్యాల ఊరని ఒక్క ముక్కలో తేల్చేశారు. మేమూ పిల్లలతో ఆ దారంతా తిరిగి వచ్చాం కాబట్టి రాయక తప్పడం లేదు.

కుల్‌ధరా పాలీవాల్ బ్రాహ్మణుల ఊరు. వానే సరిగ్గా పడని ఆ నేలలో పల్లానికి అడ్డంగా పొడవాటి కట్ట వేసి, రాతి మిట్టల మీంచి జారే నీటిని నిలిపి, అది ఇంకాక ఆ పదునులోనే గోధుమ పండించారు. ఖడీన్ అనే ఆ సాగు జైసల్మేర్ వైపు ఇప్పటికీ ఉంది. వానకు మొహం వాచిన మా కర్నూలు జిల్లా పత్తికొండ, ఆలూరు రైతులకు కావలసిన కబురు ఇదే కదండీ! ఊరు ఖాళీ కావడానికి జైసల్మేర్ దివాన్ సాలిం సింగ్ వేధింపులే కారణమని కథ. నీళ్లు తగ్గిపోవడం వల్లనని చరిత్ర చదివినవాళ్లు చెబుతారు. మాకు దొరికిన గైడు ఇవేవీ ఎత్తకుండా, రాత్రిళ్లు ఏడుపులు వినిపిస్తాయంటూ పిల్లల్ని హడలగొట్టాడు. మా ఎదుటే ఒక కుర్రాడు బండి తాళంచెవితో పాత గోడ మీద పేరు చెక్కుతుంటే అడిగే నాథుడే లేడు.

బార్మేర్ రోడ్డులోని అకల్ పేరైనా వ్యాసంలో లేదు. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మానులు అక్కడ రాళ్లయి పడి ఉన్నాయి. ఎడారి ఒకప్పుడు అడవి అని పిల్లలకు చేత్తో చూపించగలిగే చోటు అది. మానుల చుట్టూ ఇనుప జాలీలు కట్టారు. ఆ జాలీల్లోనే చిప్స్ ప్యాకెట్లు ఇరుక్కుని ఉన్నాయి.

1156లో కట్టిన జైసల్మేర్ కోటకు 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది. లోపల కాపురాలున్న కోట. వాడకం నీళ్లు పునాదుల్లోకి ఇంకి గోడలు దెబ్బతింటున్నాయని నిపుణులు ఏళ్లుగా మొత్తుకుంటున్నా అధికారులకు టికెట్ల మీద ఉన్న శ్రద్ధ డ్రైనేజీ మీద లేదు.

మన దగ్గర మాత్రం ఏం వెలగబెడుతున్నారు? బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనిపించడమే గగనం. దేశంలో మిగిలిన ఆ పిట్టల్లో ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే ఉన్నాయి, అక్కడా కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి. దాని గురించి కూడా వ్యాసంలో ఒక్క మాట లేదు.

దయచేసి వచ్చే ఆదివారమైనా ఖడీన్ సాగు గురించి, అకల్ గురించి తెలిసినవాళ్ల చేత రాయించండి. వేసవి సెలవుల్లో బయల్దేరేవాళ్లు అది చదివి వెళ్తారు.

— ఒక పాఠకుడు, కర్నూలు