ఆవిడ ఎందుకు మింగిందంటే

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం.

నాన్నా బుజ్జీ,

నిన్న రాత్రి మాట మధ్యలో ఛార్జింగ్ అయిపోయిందని ఫోన్ పెట్టేశావు. అయిపోయింది ఛార్జింగ్ కాదు, నీ ఓపిక. "అమ్మా, నువ్వు ఆ సినిమాని మరీ మామూలుగా చూస్తున్నావు, అదంతా సింబాలిజం" అన్నావు చూడు, దానికి జవాబు నాలుక చివర ఉండగానే లైన్ కట్టయింది. 31 ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని. పాఠం మధ్యలో బెల్లు కొడితే ఎలా ఉంటుందో నీకేం తెలుసు. అందుకే ఈ ఉత్తరం. ఇందులో నువ్వు అడ్డం రాలేవు.

ముందు నా తప్పొకటి ఒప్పుకుంటాను. నువ్వు లింకు పంపినప్పుడు 'బావ్' అన్న పేరు చూసి ఏదో బావామరదళ్ల కథ అనుకున్నాను. తీరా చూస్తే 8 నిమిషాల బొమ్మల సినిమా, ఒక్క మాట లేదు. ఆ రోజు పొయ్యి మీద పప్పు మాడింది. తర్వాత ఇంకో మూడుసార్లు చూశాను, పొయ్యి కట్టేసి.

నీ వాదన నాకు బాగానే గుర్తుంది. ఆ తల్లి ఆవిరి మీద ఉడికించిన ముద్దల్లో ఒకటి ప్రాణం పోసుకుని కేరుమంటుంది. ఆవిడ దాన్ని పిల్లాడిలా పెంచుతుంది. వాడికి గడ్డం వస్తుంది, స్నేహితులొస్తారు, చివరికి బంగారు రంగు జుట్టున్న పిల్లని వెంటబెట్టుకొచ్చి, వేలికున్న ఉంగరం చూపించి, సామాను సర్దుకుని బయల్దేరతాడు. ఆవిడ తలుపు దగ్గర అడ్డం పడుతుంది. లాగుతుంది. ఆ పెనుగులాటలో గభాలున నోట్లో వేసుకుని మింగేస్తుంది. నీ లెక్కలో ముద్ద అంటే కొడుకు, మింగడమంటే పెత్తనం, తలుపంటే స్వేచ్ఛ. 'జతపరచుము' ప్రశ్నకి రాసినట్టు రాశావు. అయిదుకి అయిదు వేయొచ్చు. కానీ ఆ జవాబు రాసినవాడు సినిమా చూస్తున్నప్పుడు ఎక్కడున్నాడా అని నా అనుమానం.

నీకు తొమ్మిదో నెల ఉన్నప్పుడు మీ అమ్మమ్మ నీ బుగ్గ పట్టుకుని ఏమనేదో తెలుసా? "కొరుక్కు తినేస్తానురా నిన్ను" అనేది. మన ఇళ్లలో పసిపిల్లలందరూ ఆ బెదిరింపు వింటూనే పెరుగుతారు, విని నవ్వుతారు కూడా. అన్నం ముద్దకీ బుగ్గ మీద ముద్దుకీ మన భాషలో ఒక్క కొమ్మే తేడా. చైనా భాషలోనూ ఇలాంటిదే ఉందట. బావ్ అంటే లోపల కూరి చుట్టిన ముద్ద. స్వరం కాస్త మారిస్తే అపురూపమైన నిధి. పిల్లల్ని ముద్దుగా పిలుచుకునే మాటలోనూ ఆ శబ్దమే. ఆ సినిమా తీసిన డోమీ షీ చైనాలో పుట్టి, కెనడాలో టొరంటోలో పెరిగిన ఒక్కగానొక్క కూతురు. నిన్ను మళ్లీ నా కడుపులో పెట్టేసుకుంటే ఎక్కడున్నావో ఎప్పుడూ తెలుస్తూ ఉంటుంది అని వాళ్లమ్మ అంటూ ఉండేదట. మనం మాత్రం? కోడల్ని అత్తారింటికి తెచ్చుకునేటప్పుడు "కడుపులో పెట్టుకుని చూసుకుంటాం" అని పెద్దమనుషుల ముందు మాటిస్తాం. ఎవరూ భయపడి పారిపోరు.

2018లో ఆ సినిమా వచ్చినప్పుడు మింగే చోట కొందరు నవ్వారనీ, కొందరికి ఏం జరిగిందో అర్థం కాలేదనీ, ఆసియా ఇళ్లలో పెరిగినవాళ్లు మాత్రం ఏడ్చారనీ నువ్వే చెప్పావు. మరుసటి ఏడు ఆస్కార్ కూడా ఇచ్చారు కాబట్టి, ఇచ్చినవాళ్లకి ఎంతోకొంత అర్థమయ్యే ఉంటుంది.

ఇంక నా పాఠం విను, తప్పించుకోలేవు. మమ్మటుడి కావ్యప్రకాశమని పాత అలంకారశాస్త్ర గ్రంథం, అందులో ఒక ఉదాహరణ ఉంది. "సూర్యుడు అస్తమించాడు." అంతే వాక్యం. ఆవులు కాసేవాడికి మందని ఇంటికి తోలమని, అంగడివాడికి సరుకు సర్దమని, సంధ్య వార్చేవాడికి వేళయిందని, ప్రియుడి కోసం ఎదురుచూసే ఆవిడకి ఇంక వచ్చేస్తాడని. వినేవాళ్లని బట్టి అర్థం. మన బీచ్ రోడ్డు మీద ఆ మాటే అంటే బజ్జీల బండివాడికి బేరం ఇప్పుడే మొదలని. చిన్నప్పుడు నాకైతే, అంటే నీ చిన్నప్పుడు, నిన్ను నీళ్లలోంచి రెక్క పట్టుకుని బయటికి లాగాలని.

అయితే ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చా అని అడుగుతావు. నిన్న అడగబోయింది కూడా అదే. కాదురా. ఇన్ని అర్థాలు పుట్టాలంటే ముందు సూర్యుడు నిజంగా అస్తమించాలి. వెలుగు కావాలనుకున్నవాడు దీపాన్ని జాగ్రత్తగా చూసుకున్నట్టే, ధ్వని, అంటే మాట వెనక స్ఫురించే అర్థం, కావాలనుకున్నవాడు ముందు వాచ్యార్థాన్ని, అంటే మాట పైకి చెప్పేదాన్ని, చూసుకోవాలని ఆనందవర్ధనుడనే పండితుడు వెయ్యేళ్లకి ముందే చెప్పాడు. నువ్వు ప్రమిదనీ ఒత్తినీ వదిలేసి గోడ మీద నీడలు లెక్కపెడుతున్నావు.

మొదట్లో ఆవిడ చేతులు చూశావా? పిండి బిళ్ల మధ్యలో కూరిక పెట్టి, అంచుని బొటనవేలితో, చూపుడు వేలితో మడత మీద మడతగా దగ్గరికి తెస్తుంది. దర్శకురాలు వాళ్లమ్మనే స్టూడియోకి పిలిపించి, ఆ చుట్టడం ఎలాగో అందరికీ చూపించమందట. అందుకే అది వంట వచ్చిన చేతిలా ఉంది. సరే, అలా చుట్టి, ఉడికించి, బల్ల మీద పెడితే మొగుడు గబగబా తినేసి పనికి వెళ్లిపోతాడు. బాగుందనీ అనడు, బాగోలేదనీ అనడు. (ఈ ఊళ్లో ఇంకో ఇంట్లోనూ ఇలాగే జరుగుతుంది, పేర్లెందుకు.) ఆవిడ ఒక్కతే మిగిలి, మిగిలిన ముద్ద నోట్లో పెట్టుకోబోతుంది. అప్పుడు అది ఏడుస్తుంది. అంటే ఆ పిల్లాడు పుట్టిందే ఆవిడ నోటి దగ్గర. పుట్టిన చోటికే పోయాడు. ఇది చూడకుండా పెత్తనం అంటే ఎలా?

ఆ ముద్ద కథంతా ఆవిడ కన్న కలా, నిజమా అని మీ ఆఫీసులో రెండు పార్టీలయ్యారన్నావు. కలే అనుకోండి. కలలో మాత్రం మింగింది ఆవిడ కాదా?

మీ నాన్న సంగతి వేరు. నువ్వు పంపిన రెండో సినిమా ఆయనకి చూపించాను. జపాన్‌కి చెందిన కునియో కాతో 2008లో తీసినది, 12 నిమిషాలది. పేరు ఫ్రెంచిలో ఉంది, నాకు నోరు తిరగదు. చిన్న చిన్న పెట్టెల ఇల్లు అనుకుందాం. నీళ్లు పైకొస్తున్న కొద్దీ ముసలాయన ఇంటి మీద ఇంకో గది, దాని మీద ఇంకో గది కట్టుకుంటూ పోతాడు. నోట్లో పెట్టుకునే పైపు నీళ్లలో పడిపోతే, వెతకడానికి ఈతసూటు వేసుకుని ఒక్కో అంతస్తూ కిందికి దిగుతాడు. దిగిన కొద్దీ పెళ్లాం, పిల్ల, పెళ్లినాటి రోజులు. నీళ్లంటే కాలమని నువ్వన్నావు. భూమి వేడెక్కి సముద్రం పెరగడమని మీ స్నేహితుడన్నాడు. మీ నాన్న మొత్తం చూసి, "ఈయన వేరే ఊరెళ్లిపోవచ్చుగా?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. కానీ మర్నాడు పొద్దున్న వాకింగ్ నుంచి వచ్చి, కాఫీ తాగుతూ ఆయనే మళ్లీ ఎత్తారు. "మేం చేసిందీ అదేనే" అన్నారు. పోర్టులో చేసిన మనిషి కదా. సముద్రంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకొస్తూ ఉంటుందట. ఔటర్ హార్బర్ గోడలు దాన్ని ఆపేస్తాయి. ఇటు ఆర్.కె. బీచ్‌కి రావాల్సిన ఇసుక రాక ఒడ్డు కోసుకుపోతుంది. అందుకని అక్కడ ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తోడి, పైపుల్లో ఒడ్డుకి పంపిస్తారు. సముద్రం మళ్లీ తినేస్తుంది. మళ్లీ పోస్తారు. "ఊరు వదిలి ఎవడెళ్తాడు?" అని గ్లాసు సింకులో పెట్టి వెళ్లిపోయారు. సింబల్ అన్న మాట ఒక్కసారి కూడా వాడలేదు. మీ ఇద్దరి కంటే ఆయనకే ఆ సినిమా ఎక్కువ అందిందని నాకనిపించింది. ఆయనతో అనలేదులే.

మళ్లీ ముద్ద దగ్గరికి వస్తాను. ఆవిడా ముద్దా బస్సులో పక్కపక్కన కూర్చుని బేకరీ రొట్టె పంచుకు తింటారు కదా. చివర్లో అసలు కొడుకు ఇంటికొచ్చి, ఆ బేకరీ పొట్లమే ఆవిడ ముందు పెడతాడు. ఇద్దరూ మంచం మీద కూర్చుని ఏడుస్తూ తింటారు. అక్కడ నాకు జగదాంబ దగ్గర మనం ఎక్కే సింహాచలం బస్సు గుర్తొచ్చింది. శనివారాలు నీ డ్రాయింగ్ క్లాసయ్యాక మురీ మిక్చర్ పొట్లం కొనేదాన్ని. కాగితం చివర నీ చేతిలో, మొదలు నా చేతిలో. పల్లీలన్నీ నువ్వు ఏరుకునేవాడివి, ఉల్లిపాయ ముక్కలు నాకు వదిలేసేవాడివి. ఇంటికొచ్చేసరికి నీ చొక్కా జేబు మీద నిమ్మరసం మరక ఉండేది.

ఇప్పుడు నీకు తెలియని సంగతి చెబుతాను. ఇది ఫోన్‌లో చెప్పలేకే ఉత్తరం రాస్తున్నానేమో కూడా.

నువ్వు ఇంటర్ పాసైన ఏడు, ఇంజనీరింగ్ వద్దు బొమ్మలే నేర్చుకుంటానని పట్టుబట్టి, సీటు తెచ్చుకుని, సాయంత్రం రైలుకి బయల్దేరాలి. పొద్దున్నించీ నీ సర్టిఫికెట్ల ఫైలు కనపడలేదు, గుర్తుందా? పరుపులు ఎత్తావు, బీరువా కిందికి కర్ర పెట్టి చూశావు. నేనూ నీతోపాటే వెతికాను. దేవుడి గూట్లో కూడా చూశాను. ఆ ఫైలు బియ్యం డబ్బాలో ఉంది. నేనే పెట్టాను, పైన రెండు శేర్ల బియ్యం కప్పి. ఏం చేద్దామని అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. రైలు వెళ్లిపోతే ఈ ఏటికి ఆగిపోతావు, వచ్చే ఏటికి మనసు మారుతుందని అనుకున్నానేమో. అనుకోవడం కూడా పెద్దమాట. చెయ్యి చేసేసింది.

మూడు గంటలకి నువ్వు వెతకడం ఆపి వరండా మెట్ల మీద కూర్చున్నావు. ఏడవలేదు. చెంబుతో నీళ్లు అడిగావు. నేను చెంబు తెచ్చిచ్చి, లోపలికెళ్లి, ఫైలు తీసి దులిపి, కుట్టుమిషను వెనక దొరికిందని తెచ్చి నీ చేతిలో పెట్టాను. నువ్వు నన్ను గట్టిగా వాటేసుకుని "అమ్మా, నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణి" అన్నావు.

మర్నాడు అక్కడి నుంచి ఫోన్ చేశావు. "ఫైల్లో బియ్యం గింజలున్నాయేంటమ్మా?" అన్నావు. అక్షింతలురా, నేనే వేశానన్నాను. "తెల్లగా ఉన్నాయేంటి?" అంటే, పసుపు అయిపోయిందన్నాను. నువ్వు నమ్మావు. నాలుగు గింజలు పర్సులో దాచుకున్నానని, ఇప్పటికీ ఉన్నాయని మొన్న పండక్కి వచ్చినప్పుడు మీ పిన్నికి చూపించావు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

అందుకని, ఆవిడ ఎందుకు మింగిందో నాకు చెప్పకు. మింగిన మరుక్షణం ఆవిడ మొహం చూశావా, నోట్లో ఇంకా రుచి ఉండగానే అర్థమైపోయిన మొహం? నాకు ఆ సినిమాలో అర్థం వెతకాల్సింది అక్కడే కనిపించింది. మిగతా సినిమా అంతా నీకు వదిలేస్తున్నా.

ఇంకో సంగతి. ఆ అమ్మాయి ఫోటో నాకు పంపిన వారానికే ఈ సినిమా పంపావు. కొడుకు, కొత్త పిల్ల, తలుపు దగ్గర తల్లి. 31 ఏళ్లు ధ్వని, వ్యంగ్యం చెప్పినదానికి ఆపాటి తెలియదనుకున్నావా? "ఊరికే పంపానమ్మా, బాగుందని" అన్నావు. ఊరికేనట! సినిమా చివర్లో ఆ పిల్ల కూడా బల్ల దగ్గర కూర్చుని ముద్దలు చుడుతుంది, కొడుకు కంటే బాగా చుడుతుంది. అది చూసి నేను మెత్తబడాలని కాబోలు. మీ నాన్నకి ఫోటో చూపించాను. "బాగుంది, చొక్కా కూడా బాగుంది" అన్నారు. చొక్కా నీదేనని ఆయన గమనించలేదు.

సంక్రాంతికి ఇద్దరూ రండి. వాళ్లమ్మగారికి ముందు నేనే ఫోన్ చేస్తాను, నంబరు పంపు. బూరెలు చుట్టడం వచ్చా అని ఆ పిల్లని అడగను, నీకు వచ్చా అని అడుగుతాను. పూర్ణం నేను చేసి ఉంచుతాను.

పర్సులో ఆ నాలుగు గింజలూ ఉంచుకుంటావో, పారేస్తావో నీ ఇష్టం. ఈసారి పసుపు తెప్పించాను.

మీ అమ్మ