రోమన్ గోడకు అరగంట చాలదు

సంపాదకులకు,

ఇంగ్లండ్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఏమేం చూడాలో చెబుతూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. లండన్‌కు పేజీ నిండా చోటిచ్చి, ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన గోడను మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు: బస్సు దిగి, ఫొటో తీసుకుని, అరగంటలో బయల్దేరమని. నేను రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. న్యూకాసిల్‌లో ఉన్న మా అమ్మాయి పోరు పడలేక గైడుతో కలిసి ఆ గోడ వెంట నడిచాను. దయచేసి ఆ అరగంట సలహా ఎవరూ పాటించొద్దు.

క్రీ.శ. 122లో మొదలుపెట్టిన ఈ గోడ తూర్పున వాల్స్‌ఎండ్ నుంచి పడమట బోనెస్ దాకా సుమారు 117 కిలోమీటర్లు. అంతా నడవక్కర్లేదు. మేం నడిచింది కొండల మీదుగా సాగే నడిమి భాగమే. పెట్టెలు వ్యానులో ముందే తర్వాతి బసకు చేరిపోతాయి. మన వీపున నీళ్లు, వాన కోటు, మధ్యాహ్నానికి చీజ్ శాండ్‌విచ్. పీల్ క్రాగ్ దగ్గర మెట్లు మోకాళ్లను పలకరిస్తాయి. గాలి సంగతి చెప్పనక్కర్లేదు, టోపీ నిలవదు.

గైడు లేకపోతే నాకదంతా రాళ్ల వరుసే. ప్లేన్‌ట్రీస్ అనే చోట ఆవిడ మమ్మల్ని ఆపి, వంగి చూడమంది. పునాది పది అడుగుల వెడల్పున వేశారు, దాని మీద లేచిన గోడ మాత్రం ఒకచోటి నుంచి సన్నబడింది. పునాది వేసేవాళ్లు ముందు వెళ్లిపోయారు, గోడ కట్టేవాళ్లు వచ్చేసరికి పైవాళ్లు కొలత మార్చేశారు. మా భాషలో రివైజ్డ్ ఎస్టిమేట్! ఏ ముక్క ఏ దళం కట్టిందో రాళ్ల మీద చెక్కి మరీ పెట్టారట. మన శిలాఫలకాల మీద కట్టినవాళ్ల పేరు తప్ప అందరి పేర్లూ ఉంటాయి.

ఇంకా తమాషా 37వ మైలుకోట. రోమన్ మైలుకొకటి చొప్పున చిన్న కోట, దానికి ఉత్తరాన ద్వారం ఉండాలని ప్లాను. ఇక్కడ ద్వారం దాటితే నిట్టనిలువు దిగుడు, బండి కాదు కదా మేక దిగడం కూడా కష్టమే. అయినా డ్రాయింగులో ఉంది కాబట్టి కట్టేశారు. అక్కడే నిలబడి చాలాసేపు నవ్వుకున్నాను. పక్కనే ఉన్న హౌస్‌స్టెడ్స్ కోటలో సుమారు 800 మంది సైనికుల మరుగుదొడ్లు చూడండి. కోట మొత్తంలో పల్లపు మూల వెతికి కట్టి, తొట్లలో పట్టిన వాన నీటిని కాలవలోకి వదిలేవాళ్లు. ఆ వాలు చూసి నాకు ముచ్చటేసింది.

గోడ ఎక్కొద్దని గైడు మొదటే గట్టిగా చెప్పింది. బాట కూడా చాలాచోట్ల పచ్చగడ్డే. ఒకరి వెనక ఒకరు నడిస్తే గడ్డి చచ్చి, మట్టి కొట్టుకుపోయి, అడుగున ఉన్న రోమన్ కట్టడాలు దెబ్బతింటాయని పక్కపక్కన నడవమంటారు. మా శాఖకు అప్పగిస్తే కంకర పరిచి రోలరెక్కించేవాళ్లం. 1750లలో బ్రిటిష్ సైన్యం అచ్చంగా ఆ పనే చేసింది. పడమటనున్న కార్లైల్ నగరానికి రోడ్డు వేయడానికి గోడ రాళ్లనే కొట్టి పరిచింది. ఆ రోడ్డు మీద ఇప్పటికీ కార్లు తిరుగుతున్నాయి, కింద మైళ్ల తరబడి గోడ పునాది.

గోడ పక్కన ఎంతో పేరు తెచ్చుకుని, 2023 సెప్టెంబరులో దుండగులు నరికేసిన సికమోర్ చెట్టు మొదలూ దారిలోనే తగులుతుంది. మరుసటేడు దానికి చిగుళ్లు వచ్చాయి.

వెళ్లేవాళ్లు మే, అక్టోబరు మధ్య చూసుకోండి. చలికాలం తడి నేల మీద నడిస్తే బాట పాడవుతుందని అక్కడివాళ్లే వద్దంటారు. ఎక్కువ నడవలేనివాళ్లకు సీజనులో గోడ వెంబడి ఏడీ122 అనే బస్సు తిరుగుతుంది. హౌస్‌స్టెడ్స్‌లో దిగి, కోటకూ మైలుకోటకూ కలిపి ఒక పూటైనా కేటాయించమని మీ తర్వాతి వ్యాసంలో రాయండి.

— ఒక విశ్రాంత ఇంజినీరు, ఖమ్మం