ఆదివారం మ్యూజియం – ఎవరెవరు వస్తున్నారు?

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం ఉదయం పదింటికి చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియం గేటు దగ్గర కలుద్దాం. శుక్రవారం సెలవన్న సంగతి మరిచి పోయినసారి నేనే మిమ్మల్ని తిప్పాను, ఈసారి ఆ పొరపాటు లేదు.

1851లో మొదలైన ఈ మ్యూజియంలో మన గుంటూరు వైపు సొత్తే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన అమరావతి స్తూప శిల్పాల్లో చాలా భాగం లండన్ వెళ్లిపోయింది. ఇక్కడున్నవాటిలో నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన రాతి పతకాన్ని మాత్రం తీరిగ్గా చూడాలి. ఒకే గుండ్రటి రాతిలో కథ రెండుసార్లు నడుస్తుంది: ఓ పక్క ఏనుగు మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కుతుంటుంది, ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. మేడ కిటికీల్లోంచి తొంగిచూసే మొహాలు చూస్తే మన వీధి గొడవలే గుర్తొస్తాయి! అన్నట్టు అందరూ పాలరాయి అంటారు గానీ అది పల్నాటి సున్నపురాయి.

కంచు విగ్రహాల్లో తిరువాలంగాడు నటరాజును వదలకండి. పిల్లలకైతే తిమింగలం అస్థిపంజరం చాలు, అక్కణ్ణించి కదలరు.

జనవరి వచ్చాక రాత్రిపూట ఒడ్డు వెంట తాబేళ్లను చూసే నడకకు వెళ్దాం. ఆలివ్ రిడ్లీలు బీసెంట్ నగర్ వైపు ఇసుకలో గుడ్లు పెట్టే కాలం అది. పెద్దవాళ్లకు కష్టం, చాలా దూరం నడవాలి.

నీళ్ల సీసాలు తెచ్చుకోండి. వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా పేర్లు పెట్టండి. వట్టి బొటనవేలు గుర్తు పెడితే ఎంతమందో నాకు తెలీదు.