సోలెడు బియ్యం అంటే ఎన్ని?

తల్లిదండ్రులకు, ఇంట్లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే అమ్మమ్మలకు, నాయనమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

నా బల్ల మీద పెన్సిళ్లు వేసుకునే ఇత్తడి గిన్నె ఒకటి ఉంటుంది. బడికి వచ్చినప్పుడు మీలో చాలామంది చూసే ఉంటారు. నిజానికి అది గిన్నె కాదు, బియ్యం కొలిచే సోల. మా అమ్మ కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఒక పక్క సొట్ట పడితే, మూలన పడేయడం ఇష్టం లేక నేను బడికి తెచ్చుకున్నాను. ఆగస్టులో ఏడో తరగతి అబ్బాయి ఒకడు లీవు లెటర్ మీద సంతకానికి వచ్చి, "ఇదేంటి మేడం?" అన్నాడు. సోల అన్నాను. "ఎంత పడుతుంది?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దాన్ని చూస్తున్నాను, అయినా చప్పున చెప్పలేకపోయాను.

మధ్యాహ్న భోజనం బియ్యంలోంచి కాసిని తెప్పించి, పెన్సిళ్లు తీసేసి, సోల కడిగి తుడిచి కొలిచాం. ఈలోగా ఇంకో నలుగురు చేరారు. ఆ అబ్బాయి బియ్యం పోసి అంచుకు సమంగా అరచేత్తో గీశాడు. పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. వాళ్ల ఇంట్లో అలా కొలవరట, గోపురంలా నింపుతారట. రెండు రకాలుగానూ కొలిచి, వంటగదిలోని త్రాసు మీద పెడితే పిడికెడు తేడా వచ్చింది. ఏది అసలు సోల అని పెద్ద తగువు. చివరికి మా అమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇచ్చేటప్పుడు గోపురం, పుచ్చుకునేటప్పుడు సమం" అంది. పిల్లలు నోళ్లు తెరిచారు. నేనూ తెరిచాను. ఇన్నేళ్లలో ఆవిణ్ని ఆ మాట నేను అడగలేదు మరి.

నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి కిలోలు, లీటర్లు దిగాక ఈ లెక్క పుస్తకాల్లోంచి వెళ్లిపోయింది. ఇళ్లలోంచి పోలేదు. మర్నాడు ముగ్గురు పిల్లలు వచ్చి, తమ ఇంట్లో బియ్యం డబ్బాలో తవ్వ ఉందని చెప్పారు. రోజూ దాంతోనే అన్నానికి పోస్తున్నారు, దాని పేరు మాత్రం మొన్నటి దాకా "గ్లాసు".

ఈ నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవం. ప్రతి ఏడూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాం. నిరుడు చేసింది ఎందుకు బాగా కుదరలేదో ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ ఆలోచన నాదే. ఆరు నుంచి తొమ్మిది తరగతుల వాళ్లందరినీ వంశవృక్షం చార్టు చేసుకురమ్మన్నాం. వచ్చిన చార్టుల్లో సగానికి పైగా ఒకే చెట్టు, ఒకే ఆకులు, ఒకే పిచ్చుక. నెట్ సెంటర్‌లో ప్రింటు తీసి, అమ్మానాన్నలు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని అంటించినవి. పిల్లల చేతివాత ఒక్క పేరు దగ్గర ఉంటే గొప్ప. ఒక ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెళ్లి ఫొటోకు వెనకాల జిగురు పూసి చార్టుకు అతికించేశారు. మేం ఊడదీయబోతే తాతగారి తలపాగా చార్టుకే ఉండిపోయింది. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరే. ఒక అమ్మాయి సగం ఖాళీ చార్టు పట్టుకుని నిలబడింది. "నాన్న వైపు పేర్లు అమ్మ చెప్పలేదు మేడం" అంది. నలభై మంది ముందు ఆ పిల్లను అడగకూడనిది అడిగినట్టయింది.

అందుకని ఈ ఏడు వంశవృక్షం లేదు. ఇంటిపేరు, గోత్రం, కులం రాసే గళ్లు ఎక్కడా ఉండవు. చార్టు అసలే వద్దు (ఫ్యాన్సీ షాపుల వాళ్లు నన్ను తిట్టుకుంటారు, ఏం చేస్తాం). ప్రతి పిల్లవాడూ ఇంట్లోంచి ఒక వస్తువును, ఒక పెద్దమనిషిని, తను నడిచే ఒక వీధిని ఎంచుకోవాలి. అంతే.

వస్తువు అంటే విలువైనదే కానక్కర్లేదు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ గొలుసు వెలిసిపోయినదైనా సరే. పప్పుగుత్తి, విసనకర్ర, కుట్టు మిషన్ నూనె డబ్బా, పాత ఉత్తరం, ఏదైనా ఫరవాలేదు. మా అటెండరు గారు ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ ఒకటి తెచ్చి చూపించారు. ఆ బ్యాంకును భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మన బందరులోనే (మచిలీపట్నంలో) పెట్టారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్నవాళ్లకు ఆ బోర్డు గుర్తుండే అవకాశమే లేదు. వాళ్ల తాతయ్యలు మాత్రం ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకుకెళ్లొస్తా" అనే బయల్దేరతారు. ఆ పాస్‌బుక్‌లో మొదటి జమ ఎంత, ఎందుకు వేశారు అని అడిగితే సగం కథ వచ్చేస్తుంది.

"మా ఇంట్లో పాతవేమీ లేవు మేడం" అనే పిల్లలుంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మన బడిలో దివిసీమ నుంచి ఇటు వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. 1977 నవంబరు 19 శనివారం వచ్చిన ఉప్పెనలో ఆ ఇళ్లలో గిన్నె, గుడ్డ, కాగితం ఏదీ మిగల్లేదు. మనుషులే మిగలని ఇళ్లున్నాయి. వారసత్వ వారోత్సవం మొదలయ్యేదీ, ఉప్పెన వచ్చినదీ ఒకే తారీఖు కావడం యాదృచ్ఛికమే అయినా, మన జిల్లా బడిలో ఆ రోజును పట్టించుకోకుండా బెలూన్లు కట్టడం నాకు నచ్చదు.

సెప్టెంబరులో ఏడో తరగతితో ఒకసారి చేసి చూశాం. ఒక అమ్మాయి ఏ వస్తువూ తేలేదు. పురికొస ఉండ ఒకటి తెచ్చింది. వాళ్ల అమ్మమ్మకు ఉప్పెన నాటికి పదేళ్లు. గోడ మీద నీళ్ల మరక ఎంత ఎత్తున ఉండేదో ఆవిడ తన ఒంటితో కొలిచి, తలపైన ఇంకెంతో చేత్తో చూపించి, అంత పురికొస తెంచి ఇచ్చింది. ఆ అమ్మాయి ఒక కొసను కాలి కింద తొక్కి పట్టి రెండోది పైకెత్తింది. కింద ఇంకా చాలా మిగిలిపోయింది. బెంచీ ఎక్కింది, చాల్లేదు. క్లాసులో అందరికంటే పొడుగైన అబ్బాయి బెంచీ మీద నిలబడి చెయ్యెత్తి పట్టుకుంటే అప్పటికి తాడు బిగిసింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఉప్పెన పాఠం నేను చాలాసార్లు చెప్పాను, గది అంత నిశ్శబ్దమవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

1864 నవంబరు 1న ఇంకో ఉప్పెన మన ఊరినే ముంచింది. దాదాపు ముప్పై వేలమంది పోయారు. దాన్ని చూసినవాళ్లను అడుగుదామంటే ఇప్పుడెవరూ లేరు, రాసిపెట్టిన రికార్డులే ఉన్నాయి. 1977ను చూసినవాళ్లు మాత్రం మీ వరండాలో కూర్చుని ఉన్నారు.

కాబట్టి ఫోన్‌లో రికార్డర్ నొక్కి, అరగంట పెద్దవాళ్ల దగ్గర కూర్చోమనండి. సెప్టెంబరులో మాకు తెలిసొచ్చిన సంగతులు కొన్ని రాస్తాను. "మీ కాలంలో ఎలా ఉండేది?" అంటే "అప్పుడన్నీ బాగుండేవమ్మా" అని ఊరుకుంటారు. "బడికి ఏ దారిన వెళ్లేవాళ్లు? కాళ్లకు చెప్పులుండేవా? దారిలో ఏం కొనుక్కునేవాళ్లు?" అంటే ఆగరు. సంవత్సరాలు అడిగి విసిగించకండి. మన వైపు పెద్దవాళ్లు ఏళ్లను ఉప్పెనతో లెక్కపెడతారు: ఉప్పెనకు ముందా, తర్వాతా, మీ అమ్మ కడుపులో ఉందా అని. అదే పట్టుకుంటే సంవత్సరం దానంతటదే తేలుతుంది. ఏడ్చేటట్టుంటే రికార్డింగ్ ఆపేసి మంచినీళ్లు ఇవ్వమని పిల్లలకు చెప్పాం, మీరూ చెప్పండి. చెప్పనన్నది బలవంతంగా అడగొద్దు. మధ్యలో మీరు దూరి "అలా కాదమ్మా" అని దిద్దొద్దు. ముఖ్యంగా అల్లుళ్లకూ కోడళ్లకూ ఈ మనవి.

వీధి సంగతి నాకు చాలా ఇష్టమైనది. పిల్లలు రోజూ వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని అడ్రసు రాస్తారు, ఎవరి పాలెమో ఎవరి పేటో అడగరు. హాలెండు వాళ్లను, అంటే డచ్చివాళ్లను, మనవాళ్లు వలందులు అన్నారు. వాళ్లు 1605లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. పరాసులంటే ఫ్రెంచివాళ్లు, 1669లో కొట్లు పెట్టారు. వాళ్ల చిన్న జాగా ఒకటి 1947 దాకా ఇక్కడ ఉండనే ఉంది. గోల్కొండ సుల్తానుల రేవు కాబట్టి అందరూ ఇక్కడికే దిగారు. బందరు అన్నా పారశీకంలో రేవనే అర్థం. అంటే మనం "బందరు పోర్టు" అన్నప్పుడల్లా రేవు రేవు అంటున్నామన్నమాట. పిల్లలు తమ వీధిని కాగితం మీద గీసుకుని, అక్కడ అందరికంటే పాత ఇల్లేది, పాత చెట్టేది, చేదబావి ఎక్కడ పూడ్చారు అని పక్కింటి పెద్దవాళ్లను అడిగి గుర్తులు పెట్టాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లను డచ్చివాళ్ల సమాధుల దగ్గరికి తీసుకెళ్తాం. రాళ్ల మీద చెక్కిన అక్షరాలను, బొమ్మలను చూసి గీసుకోవడమే. కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దడం, సుద్దముక్క పూయడం వద్దని గట్టిగా చెప్పాం, రాయి అరుగుతుంది.

పెడన ప్రయాణం 22న. ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లకే, బస్సులో అంతమందే పడతారు. అక్కడ కలంకారీ అద్దకం చూస్తారు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మన దగ్గర టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. చూసి రావడంతో సరిపెట్టకుండా, వెళ్లేలోపు బడిలోనే మన చేతులతో కొంత చేస్తున్నాం. పోయిన వారం నుంచి సైన్సు గది వెనకాల ప్లాస్టిక్ బక్కెట్లో తుప్పు మేకులు, బెల్లం, నీళ్లు కలిపి మూతపెట్టి ఉంచాం. దాన్ని కసిమి అంటారు. పది, పదిహేను రోజులు పులవాలి. వాసన గురించి ఇప్పటికే రెండు ఫిర్యాదులు వచ్చాయి, ఒకటి మా తెలుగు మాస్టారిది. నూలు గుడ్డను కరక్కాయ నానబెట్టిన నీళ్లలో ముంచి ఆరేస్తే లేత పసుపు తేలుతుంది. ఆ గుడ్డ మీద కసిమితో అచ్చు వేస్తే, బక్కెట్లో తుప్పు నీళ్లలా ఉన్నది కళ్ల ముందే నల్లబడుతుంది. ఇనుము, కరక్కాయలోని వగరు కలిసి చేసే పని అది. పిల్లలు బంగాళాదుంపను సగానికి కోసి, నాయనమ్మ చీర అంచులోని మామిడి పిందెనో, ఇంటి ముందు ముగ్గులోని చుక్కనో దాని మీద చెక్కాలి. దీనికి ఇంటి నుంచి పాత నూలు పంచె ముక్క గానీ చీర ముక్క గానీ జానెడు పంపండి. పాలిస్టరు పనికిరాదు, రంగు పట్టదు. ఆ రోజు యూనిఫారం వద్దు, పాత బట్టలు వేయండి. కసిమి మరక పోదు.

తొక్కుడు లడ్డు కూడా చేద్దామని ఆరో తరగతి వాళ్ల కోరిక. శనగపిండి పూస వేయించే నూనె దగ్గరికి పిల్లల్ని రానివ్వం. ఆ పని ఇద్దరు అమ్మమ్మలు ఒప్పుకున్నారు. పూసను దంచి జల్లించడం, బెల్లం పాకం పోశాక నేతితో మళ్లీ తొక్కడం మాత్రం పిల్లల పనే. రోలు, రోకలి ఉన్నవాళ్లు చెప్పండి, ఆటో పంపిస్తాం.

ఇంక పనుల మాట. ఒరిజినల్ ఫొటోలు, దస్తావేజులు, బంగారం బడికి పంపొద్దు. ఫోన్‌లో ఫొటో తీసి పంపితే చాలు, బడిలోనే ప్రింటు తీస్తాం. ఫోన్ లేని ఇళ్లకు మా టీచరు వచ్చి తీస్తుంది. ఇత్తడి, మట్టి, చెక్క సామాను మీద పేరు చీటీ దారంతో కట్టండి, జిగురు వద్దు. పెడన బస్సుకు అనుమతి పత్రం ఈ నెల 15లోగా క్లాసు టీచరుకు చేరాలి. దీనికి మార్కుల్లేవు, మొదటి బహుమతీ లేదు. పిల్లవాడి రాతలో తప్పులుంటే అలాగే వదిలేయండి. మీ చేతివాత మేం గుర్తుపడతాం.

25న మధ్యాహ్నం రెండింటికి పెద్దవాళ్లందరినీ పిలుస్తున్నాం. ఎవరి వస్తువు దగ్గర వాళ్ల మనవడో మనవరాలో నిలబడి చెబుతారు, పెద్దవాళ్లు పక్కన కూర్చుంటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లెక్కే పని లేదు, అంతా కింది వరండాలోనే, ఎండ పడని వైపు. చేతులున్న కుర్చీలు ఇరవై ఉన్నాయి, ఇంకో పాతిక అడిగి తెప్పిస్తున్నాం. నా సోల కూడా బల్ల మీద ఉంటుంది, పక్కన ఒక గంపలో బియ్యం ఉంటాయి. మీ ఇంట్లో ఎలా కొలుస్తారో వచ్చి చూపించండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు