నొప్పి పేరు ఓపీ చీటీలో రాయాలి

సంపాదకులు గారికి,

పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కూలికి వెళ్లే మా పిన్ని ఏళ్ల తరబడి ఒళ్లంతా నొప్పులతో అవస్థ పడుతోంది. ఆమె దాచుకున్న ఓపీ చీటీల కట్టలో ఏది తీసినా ‘ఒళ్లు నొప్పులు, నీరసం’ అనే ఉంటుంది, దాని కింద నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ సూది, బి-కాంప్లెక్స్ మాత్రలు. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయేసరికి అంతా మనసులోనిదే అని పంపేశారు. చివరికి ఒక కీళ్లవైద్యుడు ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులు, అలసట, నిద్ర పట్టకపోవడం ఉండే దీర్ఘకాలిక జబ్బు) అని రాశాక గానీ ఆ సూదులు ఆగలేదు, అప్పటిదాకా ఆమె నిద్ర గురించి అడిగినవారూ లేరు.

పేరు రాస్తే ఒరిగేదేమిటో మన ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయే జబ్బును పరిశోధకులు, నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్‌గా గుర్తించబట్టే అందరి చూపు తాగేనీటి మీదికి మళ్లింది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న హద్దు, రక్షిత నీటి పథకాలు ఆ తరువాత వచ్చినవే. ఫైబ్రోమయాల్జియాకు కూడా 1990లో అమెరికా రుమటాలజీ (కీళ్ల జబ్బుల) వైద్యులు నిర్ధారణ ప్రమాణాలు ఏర్పరచి, ఎవరిని రోగిగా లెక్కించాలో తేల్చాకే మందులను సరిపోల్చి పరీక్షించడం సులువైంది. 2007లో ఆ జబ్బు పేరు మీదే నొప్పి తగ్గించే మందు ప్రీగాబలిన్‌కు అక్కడ అనుమతి దొరికింది. శరీరంలో 18 చోట్ల నొక్కితే 11 చోట్లయినా నొప్పి ఉండాలన్న ఆ పాత నిబంధనను 2010లో తొలగించి అలసటను, నిద్ర తీరును, మతిమరుపును కూడా లెక్కలోకి తీసుకున్నారు.

తప్పుడు పేరు చేసే చెరుపూ తక్కువది కాదు. దెబ్బ తగిలిన చేయో కాలో నెలల తరబడి మండుతూ వాచిపోయే జబ్బును ‘రిఫ్లెక్స్ సింపథెటిక్ డిస్ట్రఫీ’ అన్నంతకాలం దోషమంతా, మన ప్రమేయం లేకుండా రక్తప్రసరణను, చెమటను నడిపే సింపథెటిక్ నాడులదేనని భావించి, వాటిని మొద్దుబార్చే సూదులకే ప్రాధాన్యమిచ్చారు. ఆ సూదులతో ఉపశమనం పొందనివారు ఎందరో ఉన్నారని గమనించాక, 1994లో కారణాన్ని ముందే నిర్ణయించని సీఆర్‌పీఎస్ (కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్, అంటే ఒక భాగంలో వచ్చే సంక్లిష్ట నొప్పి) అనే పేరును ఖాయం చేశారు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు నొప్పి అనగానే ఫ్లోరైడ్ అనేయడంలోనూ ఇదే ప్రమాదం ఉందని నా అభిప్రాయం. నీళ్లు, మూత్రం పరీక్షించకుండా ఆ మాట అనకూడదు, పరీక్షించకుండా కొట్టిపారేయనూ కూడదు.

2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ దీర్ఘకాలిక నొప్పిని దానికదే ఒక జబ్బుగా గుర్తించింది. జిల్లా వైద్యాధికారులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు దీనిపై శిక్షణ ఇప్పించి, ఓపీ రిజిస్టర్లో నిర్ధారించిన పేరే రాయించాలి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో వారానికొక రోజైనా నొప్పి క్లినిక్ నడిపి, వచ్చినవారి లెక్కను ఏటా ప్రకటించాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పొదిలి